గడపకు వచ్చిన ఆత్మలు: హాలోవీన్ చరిత్ర – మూడవ భాగం

ఐర్లండు, స్కాట్లండు దేశాలలోని గేలిక్ ప్రజలు సంవత్సరాన్ని వెలుగు సగం, చీకటి సగం అని విభజించుకొని, చీకటి సగానికి ప్రవేశద్వారమైన నవంబరు 1వ తేదీని, దాని ముందటి రాత్రిని ‘సావిన్’ అనే పర్వంగా జరుపుకొన్న తీరును గత భాగం వివరించింది. వేసవి పొడవునా కొండల మీది బీళ్లలో మేసిన పశువులు ఆ రోజులకు ఊళ్లకు దిగివచ్చేవి. శీతకాలమంతా మేపలేని వాటిని వధించి మాంసాన్ని ఉప్పులో నిలవ చేసుకొనేవారు. రాజులు టారా వంటి కొండలపై సభలు తీర్చేవారు. ‘షీ’ అని పేరుపడిన మట్టిదిబ్బలు, అంటే చరిత్రపూర్వ యుగపు సమాధులు, ఆ రాత్రి తెరుచుకొంటాయని, వాటిలో నివసించే అతిలోకజనులు బయటికి వస్తారని మధ్యయుగపు ఐరిష్ కథలు చెప్పాయి. టారా కోటను ఏటా అదే రాత్రి తన నోటిమంటతో తగులబెట్టే అయిలెన్‌ను ఫిన్ మెకూల్ అనే యువవీరుడు సంహరించిన కథతోను, క్రూఅహన్ గుహలో దూరి అతిలోకాన్ని చూచి వచ్చిన నేరా కథతోను ఆ భాగం ముగిసింది.

ఆ కథలలో సావిన్ రాత్రి మనుషుల మధ్యకు వచ్చేవారు ప్రధానంగా దిబ్బల్లోని అతిలోకజనులే. మరణించిన తాతముత్తాతలు ఇంటికి తిరిగివచ్చి ఆతిథ్యం కోరే రాత్రిగా దానిని చూపించే ప్రాచీన ఆధారం స్వల్పం. నేడు హాలోవీన్ అనగానే అస్థిపంజరాలు, సమాధులు, ప్రేతాలు గుర్తుకు వస్తాయి గనుక, మృతులు ఈ పండుగలోనికి ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చారన్న ప్రశ్నకు చరిత్ర జవాబు చెప్పవలసి ఉంది. ఆ జవాబు క్రైస్తవ మఠాలలోను, ఆ మఠాలను కూలదోసిన సంస్కరణోద్యమంలోను, ఆ రెండింటి ఒత్తిడినీ తట్టుకొన్న పల్లెటూరి గృహజీవితంలోను దొరుకుతుంది. 7వ శతాబ్దం నుండి 19వ శతాబ్దపు తొలి సగం వరకు సాగే ఈ భాగంలో పోపులు, చక్రవర్తులు, సంస్కర్తలు, రాజులు ఆ రాత్రికి అర్థం నిర్ణయించే అధికారం కోసం పోరాడతారు. చలికాలపు తొలి రాత్రి గడప తొక్కినవారిని వట్టి చేతులతో పంపరాదన్న ఒక్క నియమాన్ని మాత్రం సామాన్యులు ఎవరి ఆజ్ఞకూ వదులుకోరు.

సకల పునీతుల పండుగ

విశ్వాసం కోసం ప్రాణాలర్పించిన వేదసాక్షులను తొలినాటి క్రైస్తవులు వారు మరణించిన తేదీనాడే స్మరించేవారు. రోమను సామ్రాజ్యంలో హింస పెచ్చరిల్లి, పేరైనా తెలియని వేదసాక్షులు అసంఖ్యాకం కావడంతో అందరినీ కలిపి తలచుకొనే ఒక దినం అవసరమైంది. పూర్వం రోమను దేవతలకు నెలవైన పాంథియన్ ఆలయాన్ని ఫోకస్ చక్రవర్తి అనుమతితో పొందిన పోపు నాలుగవ బోనిఫేస్, 609వ సంవత్సర ప్రాంతంలో మే 13న దానిని మరియమాతకు, వేదసాక్షులందరికీ అంకితం చేశాడు. ఆ విధంగా రోము నగరంలో ఈ స్మరణ మొదట వసంతకాలపు పర్వంగా ఉండేది. 8వ శతాబ్దంలో పోపు మూడవ గ్రెగరీ పునీత పేతురు దేవాలయంలో సకల పునీతుల గౌరవార్థం ఒక చిన్న ప్రార్థనామందిరాన్ని నెలకొల్పాడు. నవంబరు 1వ తేదీ మాత్రం ఉత్తర ఐరోపాలో బలపడింది. ఇంగ్లండులో పుట్టి షార్లమేన్ చక్రవర్తి ఆస్థానంలో పండితుడుగా వెలిగిన ఆల్క్విన్, సాల్జ్‌బర్గ్ బిషప్పుగా ఉన్న తన మిత్రుడు ఆర్నోకు 800వ సంవత్సర ప్రాంతంలో లేఖ వ్రాస్తూ ఆ తేదీన ఈ పండుగను జరపడాన్ని మెచ్చుకొన్నాడు. షార్లమేన్ కుమారుడైన లూయీ చక్రవర్తి 835లో పోపు నాలుగవ గ్రెగరీ ప్రోద్బలంతో తన సామ్రాజ్యమంతటా నవంబరు 1ని సకల పునీతుల పండుగగా శాసించాడు. ఆ పండుగకు ముందటి సాయంకాలపు జాగరణకు ఆంగ్ల భాషలో ఏర్పడిన పేరే కాలక్రమంలో హాలోవీన్ అయింది.

సావిన్ పర్వాన్ని అణచివేయడానికే రోము ఈ తేదీని ఎంచుకొన్నదని విస్తారంగా ప్రచారంలో ఉన్న వాదం ఇక్కడ పరిశీలనకు నిలవదు. 800వ సంవత్సర ప్రాంతంలో ఐర్లండులో సంకలనమైన ఓయెంగస్ పునీతుల పంచాంగం సకల పునీతుల స్మరణను ఏప్రిల్ 20న చూపుతుంది. అంటే సావిన్ జరుపుకొనే దేశపు క్రైస్తవ సంఘమే ఆ కాలంలో ఈ పండుగను వసంతంలో జరుపుకొంటున్నది. నవంబరు తేదీని ముందుకు తెచ్చినది జర్మానిక్ భాషలు మాట్లాడే ఇంగ్లండు, ఫ్రాంకు రాజ్యాల మతాచార్యులు. 19వ శతాబ్దం చివర వేల్సుకు చెందిన భాషాపండితుడు జాన్ రీస్ సావిన్‌ను కెల్టుల నూతన సంవత్సరమని ప్రతిపాదించగా, ఆ బాటలోనే జేమ్స్ ఫ్రేజర్ దానిని మృతుల పండుగగా వర్ణించాడు. ఆ ఊహ ఎంత ఆకర్షణీయమైనా, దానిని తిరిగి తూచి చూచిన రోనాల్డ్ హటన్ వంటి ఆధునిక చరిత్రకారులు మృతుల స్మరణను ఈ రోజులకు తెచ్చినది ప్రధానంగా మధ్యయుగపు క్రైస్తవ సంఘమేనని చూపించారు. రెండు పర్వాలు ఒకే తేదీన కలుసుకోవడానికి కారణం ఏదైనా, కలుసుకొన్న తరువాత అవి విడిపోలేదన్నది నిశ్చయం.

క్లూనీ మఠం, ఉత్తరించు స్థలం

పునీతులు పరలోకాన్ని చేరినవారు. వారికి మనుషుల సాయం అక్కరలేదు. పుణ్యం చాలక, పాపం మిక్కిలి కాక నడిమధ్య నిలిచిపోయిన మామూలు మనుషుల ఆత్మల మాట ఏమిటన్న ఆవేదన మధ్యయుగపు ప్రతి కుటుంబానిదీ. అటువంటి ఆత్మలు శిక్ష అనుభవించి శుద్ధిపొందే చోటును తెలుగు కతోలికులు ఉత్తరించు స్థలం అంటారు. బ్రతికి ఉన్నవారు చేయించే దివ్యబలి పూజలు, ప్రార్థనలు, దానధర్మాలు అక్కడి ఆత్మల బాధాకాలాన్ని తగ్గిస్తాయన్నది ఆ విశ్వాసానికి ఆయువుపట్టు. ఫ్రాన్సులోని బర్గండీలో 10వ శతాబ్దంలో స్థాపితమై ఐరోపా అంతటా వందలాది శాఖలుగా విస్తరించిన క్లూనీ మఠం ఈ ప్రార్థనలకు పేరుపొందింది. 994 నుండి 1049 వరకు దానికి అధిపతిగా ఉన్న ఓడిలో, సకల పునీతుల పండుగ మరునాడైన నవంబరు 2ను మరణించిన విశ్వాసులందరి స్మరణకు కేటాయించి, ఆ రోజున గంటలు మోగించి, పూజలు జరిపి, పేదలకు దానం చేయవలెనని తన శాఖలన్నిటినీ ఆజ్ఞాపించాడు. మఠంతో పాటు ఆచారమూ వ్యాపించి, కతోలిక ప్రపంచమంతటా అది మృతుల దినంగా స్థిరపడింది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలోని కతోలిక కుటుంబాలు నేటికీ నవంబరు 2న సమాధులను శుభ్రపరచి, పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగించి జరుపుకొనే సమాధుల పండుగకు మూలం ఓడిలో వేసిన ఆ బాటలోనే ఉంది.

ఈ ఆజ్ఞ వెనుక ఒక కథను మఠవాసులు చెప్పుకొనేవారు. జెరూసలేము యాత్ర నుండి తిరిగివస్తున్న ఒక భక్తుడు తుఫానులో చిక్కి ఒక రాతి దీవికి చేరగా, అక్కడి సన్యాసి అతనికి సమీపాన మంటలు వెళ్లగక్కే చోటును గురించి చెప్పి, ఆ మంటల్లో ఆత్మల ఆక్రందనలు వినిపిస్తాయని, క్లూనీ మఠవాసుల ప్రార్థనల వల్ల ఆత్మలు తమ చేతుల నుండి తప్పించుకొని పోతున్నాయని దయ్యాలు గోలపెట్టడం తాను విన్నానని తెలిపాడట. యాత్రికుడు ఆ మాట చేరవేయగా ఓడిలో మృతుల దినాన్ని స్థాపించాడని కథ. ఐర్లండులోనూ ఇటువంటి చోటు ఒకటి ప్రసిద్ధికెక్కింది: డోనెగల్ ప్రాంతపు లాక్ డెర్గ్ సరస్సులోని ద్వీపగుహ ఉత్తరించు స్థలానికి ద్వారమని 12వ శతాబ్దం నుండి ఐరోపా నలుమూలల యాత్రికులు నమ్మి వచ్చేవారు, పోపు ఆరవ అలెగ్జాండర్ 1497లో ఆ గుహను మూయించవలసి వచ్చింది. అతిలోకానికి గుహలోంచి దారి ఉందన్న పాత కథ, శుద్ధిపొందే ఆత్మల లోకానికి గుహలోంచి దారి ఉందన్న కొత్త నమ్మకం ఒకే నేలపై పక్కపక్కనే పెరిగాయి.

1348లో ఇంగ్లండును చేరిన మహామారి ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టిన తరువాత మృతుల పట్ల బాధ్యత ప్రజల మనసుల్లో మరింత బరువెక్కింది. కలిగినవారు తమ పేరిట నిరంతరం పూజలు జరగడానికి భూములను మాన్యాలుగా వ్రాసి పూజారులను నియమించుకొన్నారు. లేనివారు నవంబరు తొలి రెండు రోజులపైనే ఆధారపడ్డారు. నవంబరు 1వ తేదీ రాత్రి తెల్లవార్లూ గ్రామదేవాలయపు గంటలు మోగేవి, ఎందుకంటే ఆ నాదం ఆత్మలకు ఊరట కలిగిస్తుందని నమ్మేవారు. ఇంగ్లండు పశ్చిమాన ష్రాప్‌షైర్‌లోని లిలిషల్ మఠానికి చెందిన జాన్ మిర్క్ అనే ఆచార్యుడు 14వ శతాబ్దం చివర కూర్చిన ప్రసంగాల సంపుటిలో, పూర్వకాలపు సజ్జనులు తాము ప్రేమించిన మృతుల కోసం ఈ దినాన రొట్టెలు కొని పంచేవారని, ఒక్కొక్క రొట్టెకు ఒక్కొక్క ఆత్మ విడుదల కాగలదని ఆశించేవారని చెప్పాడు. ఈ దానమే ‘సోలింగ్’ అనే ఆచారంగా రూపుదిద్దుకొంది: పేదలు, పిల్లలు గుంపులుగా ఇంటింటికీ వెళ్లి పాట పాడి, ఆ ఇంటి మృతుల కోసం ప్రార్థిస్తామని మాటిచ్చి, సుగంధద్రవ్యాలు కలిపిన చిన్న గుండ్రని ఆత్మరొట్టెలను అందుకొనేవారు. షేక్స్‌పియర్ తన ‘టూ జెంటిల్‌మెన్ ఆఫ్ వెరోనా’ నాటకంలో ఈ పండుగనాడు దీనంగా అడుక్కొనే బిచ్చగాని ప్రస్తావన తేగలిగాడంటే, ఆ దృశ్యం ప్రేక్షకులందరికీ తెలిసినదే అయి ఉండాలి.

ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో పేదవాని గౌరవానికి చోటు ఉన్నదన్న సంగతి గుర్తించదగినది. అతడు ఊరకే యాచించలేదు. ఇంటివారు స్వయంగా చేయగలిగిన దానికంటె ఎక్కువ విలువైన ప్రార్థనను వారి మృతులకు అందించి, బదులుగా రొట్టె పుచ్చుకొన్నాడు. పంటలు ఇంటికి చేరి, పశుమాంసం నిలవకు సిద్ధమై, గాదెలు నిండి ఉన్న వారంలోనే ఈ ఆచారం నడిచింది గనుక, రాబోయే కరవు నెలలకు ముందు ఊరిలోని తిండి కొంతైనా చేతులు మారడానికి అది ఒక మార్గం అయింది.

గంటల మీద నిషేధం

1517 అక్టోబరు 31న జర్మనీలోని విటెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ పాపపరిహార పత్రాల విక్రయాన్ని ఖండిస్తూ తన 95 ప్రతిపాదనలను వెలువరించాడు. ఆ తేదీకి ఈ కథతో నేరుగా సంబంధం ఉంది. ఆ ఊరి కోట దేవాలయం సకల పునీతుల పేరిట వెలసినది. దాని పోషకుడైన ఫ్రెడరిక్ ప్రభువు సేకరించిన వేలాది పునీతుల అవశేషాలను నవంబరు 1న ప్రదర్శించగా, వాటిని దర్శించినవారికి ఉత్తరించు స్థలపు శిక్ష తగ్గుతుందని ప్రకటించేవారు. ధనం చెల్లించి ఆత్మలను విడిపించవచ్చునన్న బోధను ప్రశ్నించడానికి ఆ పండుగ ముందటి దినం కంటె తగిన సమయం లేదు. ప్రొటెస్టెంటు సంస్కర్తలు క్రమంగా ఉత్తరించు స్థలమే లేదని, మృతుల కోసం బ్రతికినవారు చేయగలిగినది ఏదీ లేదని బోధించారు. ఆ బోధ అంగీకారమైన చోట గంటలకు, మాన్యాలకు, ఆత్మరొట్టెలకు శాస్త్రాధారం పోయింది.

ఇంగ్లండులో ఈ మార్పు ఎగుడుదిగుడుగా నడిచింది. పండుగ రాత్రి గంటల మోతను రద్దు చేయవలెనని ఆర్చిబిషప్పు క్రాన్మర్ 1546లో ప్రతిపాదించగా, విదేశీ సంధి మంతనాలలో ఉన్న ఎనిమిదవ హెన్రీ రాజు వెనుకాడాడు. అతని కుమారుడు ఆరవ ఎడ్వర్డు పాలన మొదలైన 1547లోనే మృతుల పూజల మాన్యాలన్నీ చట్టం ద్వారా రద్దై రాజ్యానికి వశమయ్యాయి. 1553లో మేరీ రాణి పాత మతాన్ని పునరుద్ధరించగా గంటలు మళ్లీ మోగాయి. 1558లో ఎలిజబెత్ సింహాసనం ఎక్కగానే మళ్లీ నిషేధం వచ్చింది. ఒక మనిషి జీవితకాలంలోనే తన తల్లిదండ్రుల ఆత్మలకు సాయపడడం ఒకసారి పుణ్యకార్యంగాను, మరొకసారి నేరంగాను మారిన ఆ రోజుల్లో సామాన్యుల మనోవేదన ఎంతటిదో ఊహించవచ్చు. ఎలిజబెత్ కాలపు చర్చి విచారణల దస్త్రాలలో రహస్యంగా గోపురమెక్కి రాత్రంతా గంటలు కొట్టి పట్టుబడిన పల్లెవాసుల ప్రస్తావనలు దశాబ్దాల పాటు కనిపిస్తాయి. తమవారిని చీకటిలో ఒంటరిగా వదలలేని ప్రేమే వారిని గోపురం ఎక్కించింది.

సిద్ధాంతం పోయినా ఆచారం బ్రతికింది. 17వ శతాబ్దంలో జాన్ ఆబ్రీ అనే పురాచరిత్ర సేకర్త, ష్రాప్‌షైర్ ఇళ్లలో మృతుల దినాన ఆత్మరొట్టెలను బల్లలపై కుప్పగా పోసి వచ్చినవారందరికీ ఇచ్చేవారని నమోదు చేశాడు. కతోలికులు ఎక్కువగా నిలిచిన లాంకషైర్‌లో కుటుంబాలు అర్ధరాత్రి కొండలపై గడ్డిమంటలు వెలిగించి, వాటి చుట్టూ మోకరిల్లి మృతుల కోసం ప్రార్థించిన వైనం 19వ శతాబ్దం దాకా తెలుస్తున్నది. చెషైర్‌లో సోలింగ్ పాటగాళ్లు గుర్రపు పుర్రెను కర్రకు తగిలించి, బట్ట కప్పుకొని నాటకమాడుతూ తిరిగేవారు. యాంట్రోబస్ గ్రామంలో ఆ నాటకం ఆధునిక కాలం వరకు నిలిచింది. ప్రార్థన మాట మరుగున పడినకొద్దీ పాట, వేషం, ఆట ముందుకు వచ్చాయి. రొట్టె పెట్టే చేయి మాత్రం మారలేదు.

రాజు, తుఫాను, మంత్రగత్తెలు

స్కాట్లండు 1560లో ప్రొటెస్టెంటు మార్గాన్ని మరింత కఠినంగా స్వీకరించి, పునీతుల పండుగలన్నిటినీ తోసిపుచ్చింది. పునీతులు తొలగిన ఆ రాత్రిని భయం ఆక్రమించింది. ఆరవ జేమ్స్ రాజు 1589లో డెన్మార్క్ రాకుమారి ఆన్‌ను వివాహమాడడానికి సముద్రం దాటాడు. వధువు ఓడలను, అతని తిరుగుప్రయాణాన్ని తుఫానులు వేధించాయి. ఆ తుఫానులు మంత్రగత్తెలు రేపినవన్న అనుమానం ముందు డెన్మార్క్‌లోను, తరువాత స్కాట్లండులోను తలెత్తింది. ఎడింబరో తూర్పున ట్రనెంట్ ఊరిలో గిలిస్ డంకన్ అనే పనిమనిషి రోగులకు వైద్యం చేయడం చూచి అనుమానించిన యజమాని ఆమెను చిత్రహింస పెట్టగా, ఆమె నోట వెలువడిన పేర్లతో పదుల కొద్దీ మనుషులు చిక్కుకొన్నారు. వారిలో మంత్రసానిగా పేరున్న ఆగ్నెస్ శాంప్సన్ ఒకతె. 1590 హాలోవీన్ రాత్రి తామంతా జల్లెడలెక్కి సముద్రంపై సాగి నార్త్ బెరిక్ దేవాలయానికి చేరి సైతానుతో సభ జరిపామని వారి చేత ఒప్పించారు. రాజు స్వయంగా విచారణలో కూర్చున్నాడు. ఆగ్నెస్‌ను 1591 జనవరిలో గొంతు బిగించి చంపి దహనం చేశారు.

ఈ విచారణలో రాజకీయ వైరం కూడా కలిసింది. రాజుకు బంధువు, సింహాసనంపై కన్ను ఉన్నవాడన్న అనుమానానికి గురైన బోత్‌వెల్ ప్రభువు ఫ్రాన్సిస్ స్టూవర్ట్ మంత్రగత్తెల చేత రాజును చంపించబోయాడన్న నేరం మోపగా, అతడు చెర నుండి తప్పించుకొని, 1593లో విచారణకు నిలిచి నిర్దోషిగా బయటపడ్డాడు. బలవంతుడైన ప్రభువు బ్రతికిపోయాడు. బలహీనులైన స్త్రీలు ప్రాణాలు పోగొట్టుకొన్నారు. 1591లో వెలువడిన ఒక కరపత్రం ఆ కథను లండన్ పాఠకులకు చేరవేసింది. 1597లో జేమ్స్ తానే ‘డెమనాలజీ’ అనే గ్రంథం వ్రాశాడు. 1563 నుండి 1736 వరకు అమలులో ఉన్న మంత్రవిద్యా నిషేధ చట్టం కింద స్కాట్లండులో సుమారు 3,800 మందిపై ఆరోపణలు నమోదైనట్లు తెలుస్తున్నది. వారిలో అత్యధికులు స్త్రీలు. నేటి హాలోవీన్ బొమ్మలలో చీపురుపై ఎగిరే ముసలామె నవ్వు పుట్టించే చిత్రంగా నిలిచింది గాని, ఆ చిత్రం వెనుక మందులిచ్చి, పురుళ్లు పోసి, ఊరికి ఉపకరించిన నిజమైన స్త్రీల చావులు ఉన్నాయని మరువరాదు.

అదే జేమ్స్ 1603లో ఇంగ్లండుకూ రాజైన తరువాత, కతోలికులపై కొనసాగిన ఆంక్షలకు విసిగిన రాబర్ట్ కేట్స్‌బీ బృందం 1605 నవంబరు 5న పార్లమెంటును 36 పీపాల మందుగుండుతో పేల్చివేయడానికి కుట్ర పన్నింది. నేలమాళిగలో గై ఫాక్స్ పట్టుబడడంతో కుట్ర భగ్నమైంది. ఏటా ఆ తేదీన కృతజ్ఞతా ప్రార్థనలు జరపవలెనని 1606లో చేసిన చట్టం 1859 వరకు నడిచింది. హాలోవీన్‌కు అయిదు రోజుల తరువాత వచ్చే ఈ రాజభక్తి పండుగ భోగిమంటలను, దిష్టిబొమ్మలను, పిల్లలు చిల్లర అడిగే వేడుకను తనలో కలుపుకొంది. దక్షిణ ఇంగ్లండులో పాత రాత్రి వన్నె తగ్గడానికి ఇది ఒక ప్రధాన కారణం. స్కాట్లండు, ఐర్లండు, వేల్సు, మాన్ దీవి ప్రాంతాలలో మాత్రం హాలోవీన్ ఇంటి పొయ్యి చుట్టూ బలంగా నిలిచింది.

పొయ్యి చుట్టూ ఒక రాత్రి

ఐర్లండు కౌలురైతుకు నవంబరు 1 అద్దెలు చెల్లించవలసిన గడువులలో ఒకటి. పాలేరుల ఒప్పందాలు కూడా ఆ రోజుల్లోనే ముగిసేవి. సంవత్సరపు లెక్కలు తేలి, బంగాళాదుంపలు తవ్వి కుప్ప వేసిన ఆ రాత్రి కడుపునిండా తినే కొద్ది సందర్భాలలో ఒకటి. పునీతుల పండుగ ముందటి దినం కతోలికులకు మాంసం ముట్టరాని ఉపవాస దినం గనుక, ఆ రాత్రి వంటకాలు దుంపలతో, పిండితో, పళ్లతో తయారయ్యాయి. ఉడికించిన బంగాళాదుంపలను కేల్ ఆకుకూరతో కలిపి మెదిపి వెన్న వేసే కోల్‌కానన్, ఎండుద్రాక్షలు కలిపిన బార్మ్‌బ్రాక్ రొట్టె అందులో ముఖ్యమైనవి. రొట్టెలో దాచిన ఉంగరం దొరికినవారికి పెళ్లి, నాణెం దొరికినవారికి సంపద, గుడ్డపీలిక దొరికినవారికి పేదరికం రాసిపెట్టి ఉన్నదని నమ్మేవారు. అతిలోకజనుల కోసం ఒక ముద్ద బయట ఉంచేవారు. మృతుల కోసం పొయ్యి శుభ్రం చేసి, నిప్పు ఆర్పక, తలుపు గడియ పెట్టక, పీటలు వేసి పడుకొనేవారు. షీ దిబ్బల జనానికీ ఉత్తరించు స్థలపు ఆత్మలకూ ఒకే ఇంట్లో ఒకే రాత్రి ఆతిథ్యం దొరికింది. పండితులు విడదీసిన రెండు లోకాలను గృహిణి ఒకే వంటతో తృప్తిపరచింది.

భవిష్యత్తు తెలుసుకొనే ఆటలను స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ 1785లో రచించి 1786లో ప్రచురించిన ‘హాలోవీన్’ కావ్యం సవివరంగా భద్రపరచింది. ఎయిర్‌షైర్ రైతుల ఆచారాలు బయటివారికి తెలియవని ఆయన తానే వివరణలు చేర్చాడు. యువతీయువకులు కళ్లు మూసుకొని తోటలో కేల్ మొక్కను పీకి, కాడ వంకరను బట్టి రాబోయే భర్త లేదా భార్య ఆకారాన్ని, వేళ్లకు అంటిన మట్టిని బట్టి కట్నాన్ని ఊహించేవారు. జంట పేర్లు పెట్టి రెండు గింజలను నిప్పుల్లో వేసి, అవి కలిసి కాలితే కాపురం నిలుస్తుందని, ఒకటి ఎగిరిపడితే విడిపోతారని చెప్పుకొనేవారు. డానియెల్ మక్లీస్ అనే చిత్రకారుడు కార్క్ సమీపాన బ్లార్నీలో 1832లో చూచిన వేడుకను ఆధారం చేసుకొని 1833లో గీచిన చిత్రంలో వేలాడే ఆపిల్‌ను పళ్లతో అందుకొనే ఆట, నీటి తొట్టిలోని ఆపిల్ కోసం ముఖాలు ముంచే పిల్లలు, నృత్యం, వాద్యం అన్నీ ఒకే గదిలో కనిపిస్తాయి. వివాహమే స్త్రీ బ్రతుకును నిర్ణయించిన సమాజంలో ఈ ఆటలు వినోదంతో పాటు నిజమైన ఆశనూ దిగులునూ మోశాయి.

వీధిలో మరో లోకం నడిచింది. ముఖాలకు మసి పూసుకొని, పాత బట్టలు తిరగవేసి తొడుక్కొని, గడ్డి ముసుగులు ధరించిన యువకులు ఇంటింటికీ తిరిగి పాటకో ఆటకో బదులుగా ఆపిల్ పళ్లు, గింజలు పుచ్చుకొనేవారు; స్కాట్లండులో దీనికి గైజింగ్ అని పేరు. కార్క్ తూర్పు తీరాన తెల్లగుడ్డ కప్పుకొని ‘తెల్ల గుర్రం’ వేషం వేసిన నాయకుని వెంట కొమ్ములు ఊదుతూ సాగిన గుంపులు రైతుల నుండి పాలు, వెన్న, గ్రుడ్లు వసూలు చేసి, ఇచ్చినవారికి సమృద్ధిని, ఇవ్వనివారికి నష్టాన్ని ప్రకటించేవి. పిసినారి ఇంటి గేటు మాయమయ్యేది, బండి కప్పు మీదికెక్కేది, పొగగొట్టం గడ్డితో మూసుకుపోయేది. తెల్లవారితే అది అతిలోకజనుల పని అని అందరూ అనేవారు. ముసుగు చాటున పేద యువకుడు ఏడాదికొక రాత్రి ఊరి పెద్దను జవాబుదారీ చేయగలిగాడు.

ఈ గుంపుల చేతుల్లోని దీపం టర్నిప్ దుంపను తొలిచి, కళ్లు, పళ్లు చెక్కి, లోపల కొవ్వొత్తి ముక్క పెట్టినది. డోనెగల్‌లోని ఫింటౌన్ నుండి 1943లో సేకరించిన అటువంటి దుంప ముఖానికి తీసిన అచ్చు నేడు మేయో ప్రాంతంలోని ఐర్లండు జాతీయ గ్రామజీవన ప్రదర్శనశాలలో ఉంది. ముడుతలు పడిన ఆ ముఖం ఏ గుమ్మడికాయకంటెనూ భయంకరం. బురద నేలలపై రాత్రివేళ కదలాడే వెలుగును, అంటే తెలుగు పల్లెల్లో కొరివిదయ్యమని చెప్పుకొనే దానిని, ఐర్లండు ప్రజలు జాక్ అనే తాగుబోతు మోసగాని కథతో వివరించారు. సైతానును చెట్టెక్కించి, మానుపై సిలువ గీచి, తన ఆత్మను ఎన్నడూ తీసుకోనని మాట పుచ్చుకొన్న జాక్‌ను చనిపోయిన తరువాత పరలోకం రానివ్వలేదు. మాట ప్రకారం నరకమూ పొమ్మన్నది. దారి చూచుకోవడానికి సైతాను విసిరిన ఒక నిప్పుకణికను దుంపలో పెట్టుకొని అతడు కల్పాంతం వరకు తిరుగుతున్నాడట. ఏ గడపా తెరుచుకోని మనిషి గతి ఏమవుతుందో చెప్పే ఈ కథ, వచ్చినవారికి తలుపు తీయడమే ధర్మమని నేర్పిన పండుగకు తగినదే.

మఠాలు పోయినా, గంటలు ఆగినా, రాజులు మారినా ఈ రాత్రి నిలిచింది. పండుగలకు ప్రాణం పోసేది శాసనాలకంటె ముందు ఇరుగుపొరుగుల పరస్పర బాధ్యత అని ఈ వేయి సంవత్సరాల చరిత్ర రుజువు చేస్తుంది. ఆ బాధ్యతకు అతి కఠినమైన పరీక్ష 1845 శరత్కాలంలో ఎదురైంది. కోల్‌కానన్‌కు ఆధారమైన బంగాళాదుంప నేలలోనే కుళ్లిపోయి, ఏడేళ్ల కరవులో సుమారు పది లక్షల మంది మరణించగా, అంతకు మించినవారు ఓడలెక్కి దేశం విడిచారు. గడప దగ్గర పెట్టడానికి ఏమీ మిగలని ప్రజలు తమ రాత్రిని అట్లాంటిక్ ఆవలికి ఎట్లా మోసుకుపోయారు, అక్కడ టర్నిప్ స్థానాన్ని గుమ్మడికాయ ఎట్లా ఆక్రమించింది, నగరాల్లో అల్లరి విధ్వంసంగా మారినప్పుడు పెద్దలు దానిని పిల్లల మిఠాయి పండుగగా ఎట్లా మలచుకొన్నారు, దీపావళికి అటూ ఇటూగా వచ్చే ఆ సాయంకాలం అమెరికాలోని తెలుగు కుటుంబాల తలుపులను సైతం ఆ పిల్లలు ఎట్లా తట్టగలుగుతున్నారు అన్న విషయాలను తరువాతి భాగం వివరిస్తుంది.